రెండు కోట్ల మాస్టారు

మా ఫ్యాక్టరీలో ఆయన్ని చాటుగా కోటీశ్వరుడు అనేవాళ్లు. ఎదురుగా మాత్రం మాస్టారు. కోటీశ్వరుడంటే డబ్బున్నవాడని కాదు. ఇనుప గొట్టాలకి తుప్పు పట్టకుండా పెయింటు వేయించడం ఆయన పని. ఒకసారి వేసిన పెయింటుని మావాళ్లు కోటు అంటారు, రెండుసార్లు వేస్తే రెండు కోట్లు. "రెండు కోట్లు పడాల్సిందే, ఒక్కటైతే నేను ఒప్పుకోను" అని ఆయన రోజుకి పదిసార్లయినా అనేవారు. కొత్తగా చేరినవాళ్లు ఆ మాట విని, ఈయన ఎవరి దగ్గర లంచం అడుగుతున్నాడా అని బిత్తరపోయేవాళ్లు.

నేను తనిఖీ విభాగంలో రిపోర్టులు టైపు చేసేదాన్ని. ఆయన బల్లా నా బల్లా ఎదురెదురు. పదకొండేళ్లు అలా ఎదురుబొదురుగా కూర్చున్నాం కాబట్టి ఆయన గురించి నాకు కొంత తెలుసు. మిగతాది ఆయన చెప్పింది, వాళ్ల అక్క చెప్పింది.

ఆయన పని గురించి కాస్త చెప్పాలి. మా ఫ్యాక్టరీలో వేడివేడి ద్రవాలు మోసే గొట్టాలు మైళ్ల కొద్దీ ఉన్నాయి. వేడి బయటికి పోకుండా వాటికి రాక్‌వూల్ అని దూదిలాంటిది చుట్టి, పైన అల్యూమినియం రేకు తొడుగుతారు. అంతకంటే ముందు గొట్టానికి పెయింటు పడాలి. ఇంటికి రంగు వేసినవాణ్ణి పదిమంది చూసి మెచ్చుకుంటారు. మాస్టారు వేయించిన పెయింటు మాత్రం ఆరిన మర్నాడే దుప్పటి కిందికి పోతుంది. మళ్లీ దాని మొహం చూసేవాడు ఉండడు. ఎక్కడైనా రేకు సందులోంచి వాన నీళ్లు దిగాయంటే ఇక బయటికి రావు. లోపలి దూది వాటిని పీల్చుకుంటుంది, గొట్టం వేడికి అవి ఉడుకుతాయి, ఇనుము కరిగిపోతూ ఉంటుంది. బయటనుంచి చూస్తే రేకు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. పైన పటారం లోన లొటారం అన్నట్టు.

ఆ రేకులు తొడిగించే మనిషి ఆయన బావే. అక్క మొగుడు. రేకులాయన అనేవాళ్లు. మాస్టారిని ఇరవై రెండేళ్ల వయసులో తీసుకొచ్చి ఈ ఫ్యాక్టరీలో పెట్టింది కూడా ఆయనే. బావ ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. మాట్లాడితే నలుగురు చుట్టూ చేరాల్సిందే. "మా బావమరిది ఒళ్లంతా మందు రాసి వెళ్లిపోతాడు. పడుకోబెట్టి దుప్పటి కప్పాల్సింది నేను. పిల్లాడికి జలుబు చేస్తే మాత్రం ఇద్దర్నీ తిడతారు" అనేవాడు. మాస్టారు నవ్వేవారు కాదు. ఆయన మామూలుగానే తక్కువ నవ్వేవారు.

పనిలో ఆయన చాదస్తం అందరికీ తెలిసిందే. తడి గాలికి ఇనుము మీద కంటికి కనపడని చెమట పడుతుందనీ, దాని మీద వేసిన పెయింటు పట్టదనీ, రోజుకి మూడుసార్లు గాలిలో తేమ, ఇనుము వేడి కొలిచి రాసుకునేవారు. అంచుల మీద పెయింటు పల్చబడుతుందని, స్ప్రే కొట్టేముందు ప్రతి అంచుకీ బ్రష్షుతో చేతిపూత వేయించేవారు. మొదటి కోటు మందం కొలిచేవారు, రెండో కోటు మందం కొలిచేవారు, ఆఖరికి చిన్న బెజ్జాలు ఉన్నాయేమోనని కరెంటు పరికరంతో గొట్టం మొత్తం తడిమేవారు. పుట్టుకతో వచ్చిన చాదస్తం అనుకునేవాళ్లం. కాదని ఆయన రిటైరవడానికి మూడేళ్ల ముందు తెలిసింది.

ఆ ఏడాది మా విభాగానికి కొత్త మేనేజరు వచ్చారు. నలభై దాటని ఆవిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. రేకులు విప్పి లోపల చూడాల్సిన చోట్ల జాబితా తయారవుతోంది. ఉన్న గొట్టాలన్నీ విప్పలేరు కాబట్టి కాగితాలు చూసి ఎంచుతారు. పెయింటు ఎప్పుడు వేశారు, ఎన్ని కోట్లు వేశారు, గొట్టం ఎంత వేడి మీద నడుస్తోంది అన్నవి చూసి, అనుమానం ఉన్నవే విప్పుతారు. జాబితా అంతా చదివాక మేనేజరు మేడమ్ కాగితం పక్కన పెట్టి, "ఇవి కాగితాల్లో ఉన్నవి. కాగితాల్లో లేనివి, మీ మనసుల్లో ఉన్నవి ఏమైనా ఉంటే చెప్పండి" అన్నారు. ఒకాయన టీ గురించి ఏదో అన్నాడు. సమావేశం అయిపోయింది.

మూడో రోజు పొద్దున మాస్టారు తన కుర్చీ నా బల్ల పక్కకి లాక్కుని కూర్చున్నారు. ఒక ఉత్తరం టైపు చెయ్యమన్నారు. ఆయన చెప్తూ ఉన్నారు, నేను కొడుతూ ఉన్నాను. తేదీ, గొట్టం నంబరు, ఎన్నో స్తంభం దగ్గర అనేవి వరసగా చెప్పి, అదే గొంతుతో, "ఈ నాలుగు మీటర్లకి రెండో కోటు వేయలేదు. వేసినట్టు సంతకం పెట్టింది నేనే" అన్నారు. నా వేళ్లు ఆగిపోయాయి.

"ఆగకమ్మా, కొట్టు" అన్నారు.

పన్నెండేళ్ల కిందటి సంగతి అది. ఫ్యాక్టరీని కొన్ని రోజులు ఆపి మరమ్మతులు చేసే రోజుల్లో ఆఖరి రెండు రోజులు. మొదటి కోటు అయింది. అది ఆరిందో లేదో వాన పట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ తగ్గలేదు. మిగతా గొట్టమంతా ముందే పూర్తయింది, ఈ నాలుగు మీటర్లే మిగిలింది. ఇనుము చల్లగా ఉంది, గాలి తడిగా ఉంది, ఇంకో రోజైనా ఆగాలి. సాయంత్రానికి గొట్టంలోకి వేడి ద్రవం వదలాలని పైవాళ్లు కింద నిలబడి గడియారం చూసుకుంటున్నారు. రేకుల ముఠా నిచ్చెనల మీద సిద్ధంగా ఉంది. బావ పైనుంచి వంగి, "అయిందా?" అని అడిగాడు. ఈయన "అయింది" అన్నారు. ఫారం మీద రెండు కోట్లు అని రాసి సంతకం పెట్టారు. అరగంటలో దూది, రేకు తొడిగేశారు.

ఎవరూ ఆయన్ని బలవంతం చెయ్యలేదని ఉత్తరంలో ప్రత్యేకంగా రాయించారు. ఆగుదాం అని తను ఒక్క మాట అని ఉంటే ఆగేవాళ్లేమో, తెలియదు, తను అనలేదు, అంతే. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆయన ఆ గొట్టం కిందినుంచి నడిచినప్పుడల్లా తల ఎత్తి చూసేవారట. రేకు బాగానే కనిపించేది. కాగితం మీద రెండు కోట్లు ఉన్నాయి కాబట్టి ఆ గొట్టం ఏ జాబితాలోకీ రాలేదు. "నా సంతకమే దానికి అడ్డుగోడ అయిందమ్మా" అన్నారు. ఇది ఉత్తరంలో రాయొద్దన్నారు.

మేనేజరు మేడమ్ ఉత్తరం రెండుసార్లు చదివారు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. ఏడాదిపాటు ఏ ఫారం మీదా సంతకం చేసే అధికారం లేదని రాసిచ్చారు, ఆ వారమే ఆ గొట్టం విప్పించమని ఇంకో కాగితం ఇచ్చారు. మాస్టారు రెండు కాగితాలూ అందుకుని, రెండో దాని గురించే అడిగారు. "విప్పేది ఎన్నింటికి?" అని.

విప్పింది పగలు పదకొండు గంటలకి. గొట్టం నడుస్తూనే ఉంది, అందులో మండే ద్రవం ఉంది, కాబట్టి జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. పరంజా మీద మాస్టారు, రేకులాయన, ఆయన ముఠాలో ఒకడు, మేనేజరు మేడమ్. నేను కింద ఫొటోల నంబర్లు రాసుకుంటూ నిలబడ్డాను. బావకి సంగతంతా ముందురోజే తెలిసింది. పొద్దుటినుంచీ ఆయన బావమరిదితో ఒక్క జోకూ వెయ్యలేదు.

ఆ నాలుగు మీటర్ల రేకు ఊడదీశారు. దూది పొడిగా ఉంది. గొట్టం మీద ఒక్క కోటు పెయింటు బూడిద రంగులో, వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. గీత లేదు, పొక్కు లేదు. మందం కొలిచారు, సగమే ఉంది, మాస్టారు చెప్పింది నిజమే. ఇనుముకి మాత్రం ఏమీ కాలేదు. పైన రేకు సరిగ్గా ఉంది, చుక్క నీరు దిగలేదు, నీరే లేనప్పుడు ఒక కోటైనా ఒకటే, పది కోట్లయినా ఒకటే.

రేకులాయన గట్టిగా నవ్వాడు. "దీనికోసమా పన్నెండేళ్లు నిద్ర పాడుచేసుకున్నావు? నీ పెయింటు లేకపోయినా పరవాలేదు, నా రేకు ఉంటే చాలని తేలిపోయింది కదా" అన్నాడు. పరంజా మీద అందరికీ ప్రాణం లేచొచ్చింది. మాస్టారు గ్లవ్సు తొడిగిన చేత్తో ఆ పెయింటుని ఒకసారి నిమిరి, ఇక మూసేయండి అన్నారు.

మూయాలంటే పక్క రేకుని కూడా కొంచెం ఎత్తాలి. రేకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఆ పక్క రేకు దగ్గర నిచ్చెనకి ఆధారంగా ఒక ఇనుప బ్రాకెట్ గొట్టంనుంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని చుట్టూ రేకుని కత్తిరించి, ఆ సందులో నీళ్లు పోకుండా సీలెంట్ అనే జిగురుముద్ద పెట్టాలి. రేకు ఎత్తగానే దూది తడిసిన గోనెసంచిలా కిందికి జారింది. పట్టుకున్నవాడి గ్లవ్సులమీదుగా ఎర్రనీళ్లు కారాయి. లోపల గొట్టం కనపడలేదు. నానిపోయిన పాత పుస్తకంలా తుప్పు, పొరలు పొరలుగా.

అది రెండు కోట్లూ సక్రమంగా పడిన చోటు. మాస్టారు స్వయంగా చేతిపూత వేసిన చోటు. ఎంత మంచి పెయింటైనా వేడినీళ్లలో పన్నెండేళ్లు నానితే ఏదో ఒక రోజు వదిలేస్తుంది.

రేకులాయన గీకుడుబిళ్ల తీసి తుప్పు రాల్చి చూద్దామని చెయ్యి చాచాడు. మాస్టారు ఆ మణికట్టు ఒడిసి పట్టుకున్నారు.

"గీకకు బావా."

"ఎంత లోతుందో చూడొద్దూ?"

"ఆ తుప్పే ఇప్పుడు దాన్ని పట్టుకుని ఉందేమో. దిగు. అందరూ దిగండి."

అరుపు కాదు, మామూలు గొంతే. నేను కిందనుంచి విన్నాను. మేనేజరు మేడమ్ దిగుతూనే ఫోనెత్తి ఆ యూనిట్ ఆపించారు. గొట్టం చల్లారి, ఖాళీ అయ్యాక కొలిచారు. తొమ్మిది మిల్లీమీటర్ల మందం ఉండాల్సిన చోట ఒకటిన్నర ఉంది. ఒక చోట అదీ లేదు, పరికరం అంకె చూపించలేదు. సరిగ్గా దాని కిందే క్యాంటీన్‌కి వెళ్లే దారి. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు అరవై డెబ్భై మంది ఆ దారినే నడుస్తారు. నేనూ నడిచేదాన్నే.

తను చేసిన తప్పు దగ్గర ఏమీ కాలేదు. ఆ తప్పు ఒప్పుకోకపోతే మాత్రం ఇది బయటపడేది కాదు. దీన్ని ఎలా లెక్కకట్టాలో మాలో ఎవరికీ తెలియలేదు. క్యాంటీన్‌లో వారం రోజులు అదే చర్చ. కొందరు మాస్టారిని దేవుడన్నారు, కొందరు దొంగ సంతకం పెట్టినవాడన్నారు.

ఇక నీళ్లు ఎలా దిగాయో రిపోర్టులో కారణం రాయాలి. సంతకం మేనేజరు మేడమ్‌దే అయినా రాయాల్సింది మాస్టారు. ఆ సాయంత్రం ఆయన బావ ఇంటికి వెళ్లారు. అక్కడ జరిగింది తర్వాత వాళ్లక్కే నాకు చెప్పింది. ముందుగదిలో సగం ఆవిడ కుట్టుమిషనే. తెరలు, సోఫా కవర్లు కుట్టేది ఆవిడ. బావ కుర్చీలో కూర్చుని కాళ్లు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. ఈయన చెప్పులు విడిచి, కూర్చోకుండానే చెప్పారు.

"బావా, బ్రాకెట్ దగ్గర సీలెంట్ లేదు. అది రాయాలి. రాసేముందు నీకు చెబుదామని వచ్చాను."

"పన్నెండేళ్లయింది. ఎండి రాలిపోయి ఉంటుంది. అలాగే రాయి."

"రాలిపోతే మరక ఉంటుంది. రేకు మీద మరక కూడా లేదు. అసలు పెట్టలేదు బావా."

ఆ రోజు సీలెంట్ ట్యూబులు అయిపోయాయని బావ మెల్లగా గుర్తు తెచ్చుకున్నాడు. స్టోర్సులో రేపు వస్తాయన్నారు. రేపు ఫ్యాక్టరీ నడవడం మొదలైంది, ముఠాని ఇంకో చోటికి పంపారు. "మర్చిపోయాను. నీమీద ఒట్టు, ఇప్పుడు నువ్వు అడిగేదాకా గుర్తే లేదు" అన్నాడు. అది అబద్ధం కాదని మాస్టారికి తెలుసు. పన్నెండేళ్లు ఈయనకి మరపు రాలేదు, ఆయనకి గుర్తు రాలేదు.

"పేరు రాయను. ఉన్నది రాస్తాను" అన్నారు మాస్టారు.

"పేరు రాయకపోతే కనుక్కోలేరా? నీ తప్పు నువ్వు రాసుకున్నావు, పెద్దమనిషివనిపించుకున్నావు. నా తప్పు కూడా నీ చేత్తోనే రాయాలా?"

"అయితే నువ్వే రాయి."

దానికి బావ కాళ్లు కిందికి దించి, సూటిగా చూసి అన్నాడట: "ఆ రోజు నిచ్చెన మీదనుంచి అయిందా అని అడిగాను. అయింది అన్నావు. నిన్ను నమ్మి కప్పాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నాకు చెప్పాలనిపించలేదా? పైవాళ్లకి కాదు, నాకు."

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. అక్క గుమ్మందాకా వచ్చింది. "ఒరే తమ్ముడూ, నాకు మీరిద్దరూ కావాలి. ఒకే పూట ఒకచోట ఉండక్కర్లేదు" అంది.

రిపోర్టు నేనే టైపు చేశాను. "బ్రాకెట్ చుట్టూ సీలెంట్ పెట్టిన ఆనవాలు లేదు" అన్నది ఒక్క వాక్యం. పేరు లేదు. పాత రికార్డుల్లో ముఠా పేరుంది, కాంట్రాక్టరు నెల తిరక్కుండా రేకులాయన్ని సూపర్‌వైజరు పనినుంచి తప్పించాడు. కావాలంటే మామూలు పనివాడిగా ఉండమన్నాడు. ముప్పై ఏళ్లు ముఠాని నడిపిన మనిషి ఉండలేదు, ఇంటికెళ్లిపోయాడు. మేనేజరు మేడమ్ పద్ధతి మార్చారు. పెయింటుమనిషి, రేకుమనిషి ఇద్దరూ కలిసి చూసి, ఫొటో తీసి, ఇద్దరూ సంతకం పెడితేగానీ ఏ రేకూ మూయకూడదని.

పద్నాలుగు నెలలు బావాబావమరుదులు మాట్లాడుకోలేదు. మాస్టారు ఆదివారం పొద్దున అక్క దగ్గరికి వెళ్లేవారు, ఆ టైములో బావ బజారుకి పోయేవాడు. మొదట్లో కూరగాయలు తెచ్చేవాడు, తర్వాత తర్వాత ఊరికే తిరిగొచ్చేవాడని అక్క చెప్పింది. మాస్టారి భార్య లెక్కల టీచరు. ఒకరోజు ఆఫీసుకి ఆయన మర్చిపోయిన కళ్లద్దాలు ఇవ్వడానికి వచ్చి, ఈయన ఇంట్లో అసలు మాట్లాడటం లేదనీ, గోడమీద బల్లి కూడా ఆయనకంటే ఎక్కువ మాట్లాడుతోందనీ నాతో అంది. సరదాగా అన్నట్టే అంది.

ఇంట్లో కూర్చున్న రేకులాయనకి తోచక, పెళ్లాం మిషను మీద చెయ్యి వేశాడు. ఆవిడ ముందు కసిరింది, తర్వాత నేర్పింది. ఫ్యాక్టరీల్లో వాల్వులకి రేకు బదులు వేడికి ఆగే మందపాటి గాజునూలు గుడ్డతో కోటులాంటిది కుట్టి, మధ్యలో దూది పెట్టి, పట్టీలతో బిగిస్తారు. కావాలంటే రెండు నిమిషాల్లో విప్పి లోపల చూడొచ్చు, మళ్లీ తొడగొచ్చు. ఇనుము ఒంపులన్నీ చేతికి తెలిసిన మనిషి కాబట్టి ఆయన కుట్టినవి చర్మంలా పట్టేవి. పాత మిషను ఆ గుడ్డకి ఆగలేదు. పెద్ద మిషను కొన్నారు, పక్క షెడ్డు తీసుకున్నారు. మా ఫ్యాక్టరీ కూడా ఆ కవర్లు వాడాలనుకుంది. కొలతలు ఇచ్చే పని మాస్టారి మీద పడింది. ఆయనకి అప్పటికి సంతకం తిరిగొచ్చింది.

ఒకరోజు మా ఆఫీసు ఫోను మోగింది. మాస్టారే తీశారు. అవతలి గొంతు నాకూ వినిపించింది.

"ఆ మూడో నంబరు వాల్వు మెడ చుట్టుకొలత ఎంత?"

"ఎవరు మాట్లాడేది?"

"ఎవరైతే నీకెందుకు? కొలత చెప్పు."

మాస్టారు కాగితం వెతికి చెప్పారు. అవతలివైపు రాసుకుంటున్న చప్పుడు. "పట్టీకి రెండు అంగుళాలు కలిపావా లేదా?" కలిపానన్నారు. "నిజంగా కలిపావా?" అని మళ్లీ అడిగాడు. "వచ్చి చూసుకో" అన్నారు మాస్టారు. ఫోను పెట్టేశారు.

మర్నాడు రేకులాయన టేపు మెడలో వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఇద్దరూ ఆ వాల్వు దగ్గర రెండు గంటలు గడిపారు. అంకెలు తప్ప ఇంకేం మాట్లాడుకోలేదని పక్కన పనిచేసేవాళ్లు చెప్పారు. అలా నెలకి నాలుగైదు వాల్వులు. మెల్లగా అంకెల మధ్యలో మాటలు పడ్డాయి, గుడ్డ బాగాలేదని, ఎండ ఎక్కువగా ఉందని, అక్కకి మోకాలు నొప్పి అని. ఆదివారాలు బావ బజారుకి పోవడం మానేశాడు.

మాస్టారు రిటైరయ్యి మూడేళ్లయింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆ షెడ్డులోనే ఉంటారు. గుడ్డ మీద సుద్దగీతలు గీయడం ఆయన వంతు, కత్తిరించడం బావ వంతు, కుట్టడం అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. పోయిన నెల నేను వెళ్లినప్పుడు ఇద్దరూ గీత ఎటు గీయాలన్నదాని మీద వాదించుకుంటున్నారు. బావకి చెవుడొచ్చింది, కాబట్టి వాదన వీధిలోకి వినపడుతోంది. అక్క వాళ్లకేసి చూడకుండానే మిషను తొక్కుతోంది. ఆ గొట్టం సంగతి ఎప్పుడైనా మాట్లాడుకుంటారా అని ఆవిణ్ణి అడిగాను.

"ఒకే ఒక్కసారి. ఈయనే ఎత్తాడు. 'ఆ రోజు నువ్వు నా చెయ్యి పట్టుకోకపోతే' అని మొదలెట్టాడు. మా తమ్ముడు కత్తెర అందించి, 'ముందు ఇది కత్తిరించు బావా' అన్నాడు" అంది ఆవిడ, దారం తెంపుతూ.